ఖాళీ తీగ మీద రీడింగు

ముగోయా ఆ రోజు "ఆఁ" అనకుండా ఉంటే బలికోవా షాపు ఇవాళ్టికీ రోడ్డు మీదే ఉండేది. ఈ మాట బలికోవా ఎవరితోనైనా అంటాడు. కాలిపోయిన మోటారు మోసుకొచ్చి వైండింగుకి ఎంతవుతుందని అడిగినవాడు ముందు ముగోయా సంగతి వినాలి, ఆ తర్వాతే తన మోటారు సంగతి. వినేవాళ్ళకి విసుగు. చెప్పేవాడికి లేదు.

ముగోయా పరాయివాడు కాదు. బలికోవా భార్య నైగాగాకి స్వయానా తమ్ముడు. కంపాలాలో పాత ఫ్రిజ్‌లు కొని, తుడిచి, రంగు కొట్టి అమ్ముతాడు. పెళ్ళిలో ఆనవాయితీ ప్రకారం బలికోవా రెండు చేతులా కోడిపుంజుని అందించింది ఇతనికే. పిల్లనిచ్చే ఇంటి తరఫున ఆ పుంజుని అందుకున్నవాడు జన్మంతా బావ మేలు కోరి ఉండాలి. ముగోయా పుంజుని ఆ సాయంత్రమే కోయించాడు. మేలు సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు కాబోలు.

బలికోవా చదువు ఏడో తరగతితో ఆగింది. జింజాలో బట్టల మిల్లు నడుస్తున్న రోజుల్లో ప్యానెల్ గది ఊడ్చే పనిలో చేరి, ఒడోయో అనే ముసలి ఫోర్‌మన్ దగ్గర పని పట్టాడు. గోడ నిండా అన్నం పళ్ళేలంత మీటర్లు, వాటిలో వణికే ముళ్ళు. ఒడోయో బీడీ కొసతో చూపిస్తూ చెప్పేవాడు: "కరెంటుని కొలిచేది దారికి అడ్డంగా కూర్చుంటుందిరా. పోయేదంతా దాని కడుపులోంచే పోవాలి. ఓల్టేజిని కొలిచేది దారి పక్కన నిలబడి తొంగి చూస్తుంది, చిటికెడు రుచి చూసి వదిలేస్తుంది. ఈ ఇద్దరి కుర్చీలూ తారుమారు చేశావో, మొదటిది భగ్గుమంటుంది." బలికోవా ఒకసారి తారుమారు చేశాడు. భగ్గుమంది. ఎడమ మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మిల్లు మూతపడ్డాక బుగెంబే అవతల, ఇగంగా వెళ్ళే రోడ్డు పక్కన, మామగారి స్థలంలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. పిండి మరల మోటార్లు, బోరు పంపులు, వెల్డింగు సెట్లు వచ్చేవి. చెరకు లారీలు లేపిన ఎర్రదుమ్ము రాగి చుట్టల మీద పడకుండా గోనె పట్టాలు కట్టుకుని పని చేసేవాడు. మామగారు బతికున్నంత కాలం ఆ స్థలం ఎవరిదన్న ప్రశ్న రాలేదు. ఆయన పోయాక వచ్చింది.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాడు ఇసబిర్యే. మామగారికి అన్న, వంశానికి పెద్ద, ఊతకర్ర లేకపోయినా ఉన్నట్టే నడిచే మనిషి. రోడ్డుకి వెనకగా ఉన్న అత్తగారి ఇంటికి అప్పటికి కరెంటు లేదు. స్తంభాలు వేయించి, తీగ లాగించి, ఇల్లంతా వైరింగు చేసిపెట్టు, రోడ్డు పక్క ముక్క నీదే అన్నాడు ఇసబిర్యే. అయితే ఒక షరతు. "ఒక వానాకాలం గడవనీ అల్లుడూ. వానలకి కూడా నీ కరెంటు నిలబడితే అప్పుడు హద్దు మొక్కలు నాటుదాం." ఆ వంశంలో భూమి కాగితం మీద చేతులు మారదు. లువాన్యి మొక్కలు, ఆ పొడుగాటి ఆకుల మొక్కలు, నాలుగు మూలలా నాటితే మారుతుంది.

స్తంభాలూ తీగా పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా అత్తగారితో. అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు, ఆవిడ ఉన్న కప్పు కింద అడుగు పెట్టకూడదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాంగోబమ్మగారిని బలికోవా ఎప్పుడు చూసినా వెనక నుంచే చూశాడు, అదీ ముసుగులో. అందుకని వైరింగు పని కోసం ఆవిడ ఇగంగాలో చెల్లెలింటికి వెళ్ళింది. ఆవిడ తిరిగి వచ్చేలోగా పని ముగించి, నిచ్చెన తీసుకుని బయటపడ్డాడు. ముందుగదికి ఒక బల్బు, ఒకే బెజ్జాల వరస ఉన్న సాకెట్ ఒకటి. ముసలావిడకి రేడియోకీ ఫోనుకీ అది చాలదా? ఆ తర్వాత ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. కొన్నాళ్ళకే ముగోయా మేస్త్రీని పెట్టి ముందుగది పెద్దది చేయడానికి మధ్యగోడ జరిపించాడు. ఆ పని కూడా బలికోవా బయట నుంచి విన్నాడు తప్ప చూడలేదు.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. కరెంటు నిలబడింది. మొక్కలు నాటే రోజు ఖాయమైంది.

ఆ రోజు పొద్దున్నే తడి గోనెలో చుట్టిన లువాన్యి మొక్కలు పనసచెట్టు కింద పెట్టారు. ఇసబిర్యే తెల్లటి కంజు, చీలమండల దాకా వచ్చే పొడుగు అంగీ, తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. వంశం తరఫున మరో ఇద్దరు పెద్దలు చాప మీద. నైగాగా వంటింటి వెనక అరటికాయలు ఆకుల్లో చుట్టి ఉడకేస్తోంది. బలికోవా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. షాపులో కొత్త పసుపు మీటరు ఉంది, అంకెల్లో చూపించేది. దాన్ని తోలు సంచీలో పెట్టి నడుముకి తగిలించుకున్నాడు. కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు జేబులో వేసుకున్నాడు. ముళ్ళ మీటరు, దాని పక్కనే మసిబారిన కాయిల్ పొయ్యి బల్ల కింద వదిలేశాడు.

ఈ కాయిల్ పొయ్యి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఏ ఇంట్లోనైనా తీగ మీద అనుమానం వస్తే బలికోవా మీటరుతో పాటు దాన్ని కూడా పట్టుకెళ్ళేవాడు. ఒడోయో నేర్పిన అలవాటు. ముళ్ళ మీటరు చిటికెడు తాగుతుంది. అంకెల మీటరు ఆ చిటికెడు కూడా తాగదు, పెదవి తడుపుకుంటుందంతే. పుచ్చిపోయిన జాయింటు కూడా ఆ పెదవి తడికి సరిపడా ఓల్టేజిని అందిస్తుంది. కాయిల్ పొయ్యి కుండెడు తాగుతుంది. దాన్ని తగిలించి, దాని వెనక బయటికి ఉన్న రెండు బోల్టుల మీద మీటరు ముక్కులు పెట్టి చూస్తే తీగ బండారం బయటపడుతుంది. ఇది బలికోవాకి బాగా తెలుసు. కానీ హద్దు మొక్కలు నాటే రోజున, కంజులు తొడుక్కున్న పెద్దల మధ్యకి మసి పొయ్యి చంకన పెట్టుకుని ఎవడు వెళ్తాడు?

ఎండ ఎక్కుతుండగా ముగోయా పికప్ బండిలో దిగాడు. వెనక దుప్పటి కప్పిన ఫ్రిజ్.

"అమ్మకి తెచ్చాను," అన్నాడు అందరికీ వినపడేలా. "పెదనాన్నా, ఇవాళ మీరు తాగే సోడాలు చల్లగా ఉంటాయి. బావగారి పుణ్యమా అని కరెంటుందిగా!"

ఇద్దరు మనుషులు ఫ్రిజ్‌ని ముందుగదిలోకి మోశారు. నాంగోబమ్మగారు లోపలి గదిలోకి తప్పుకుంది. ముగోయా ప్లగ్గు పెట్టాడు. బయటికి వినపడింది: మ్‌మ్‌మ్ అని మూలుగు, తర్వాత టక్కుమని చప్పుడు, తర్వాత ఏమీ లేదు. కాసేపటికి మళ్ళీ మూలుగు, మళ్ళీ టక్కు.

ముగోయా గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "బావగారూ, మీ కరెంటుకి ఏదో రోగం వచ్చింది."

"నా కరెంటుకి రోగమా, నీ ఫ్రిజ్‌కా?" అన్నాడు బలికోవా పనసచెట్టు కింద నుంచే.

"నిన్న రాత్రి షాపులో మంచు గడ్డకట్టించి మరీ తెచ్చాను."

"కంపాలాలో ప్రతి ఫ్రిజ్జూ నిన్న రాత్రి దాకా బ్రహ్మాండంగానే పనిచేస్తుంది. కొన్నవాడి ఇంటికొచ్చాకే చస్తుంది."

చాప మీద పెద్దలు నవ్వారు. ముగోయా నవ్వలేదు. అది అతని వ్యాపారం.

"పెదనాన్నా, ఒక్క మాట," అన్నాడు ఇసబిర్యే వైపు తిరిగి. "కరెంటు సరిగ్గా ఇచ్చినందుకు కదా ఆయనకి భూమి? ఫ్రిజ్ కూడా లాగలేని కరెంటుకి రోడ్డు ముక్క ఎందుకివ్వాలో మీరే చెప్పండి."

ఇసబిర్యే తడి గోనె వైపు చూశాడు. "చూడు అల్లుడూ. తేల్చెయ్. నాటేముందు ఈ నస ఎందుకు?"

తేల్చడానికి బలికోవా లోపలికి వెళ్ళాలి. వెళ్ళలేడు. లోపలి గదిలో అత్తగారు ఉంది. ఆవిణ్ణి బయటికి రమ్మనాలంటే పెద్దల ముందు నుంచి, అల్లుడి ముందు నుంచి నడవాలి. మోకాళ్ళ నొప్పి మనిషి. ఆ మాట ఎవరూ నోటి మీదికి తేలేదు. నైగాగాని పిలిస్తే సరిపోయేది. ఆవిడకి మీటరు పట్టుకోవడం వచ్చు, షాపులో ఎన్నిసార్లు పట్టలేదు? కానీ పొయ్యి మీద పెద్ద కుండ ఉంది. పైగా ముగోయా అప్పటికే చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండి బావగారూ, నేను చూస్తాను. ఫ్రిజ్‌లు అమ్మేవాణ్ణి, మీటరు పట్టుకోలేనా?"

బలికోవా పసుపు మీటరు తీసి, దాని మీట తిప్పి, అతని చేతికిచ్చాడు. "సాకెట్‌లో పై బెజ్జంలో పుల్ల గుచ్చు. గుచ్చితే గానీ కింది బెజ్జాలకి తలుపులు తెరుచుకోవు. అప్పుడు కింద రెండింట్లో ఎర్రదీ నల్లదీ పెట్టు. అంకె చదువు."

"ఆమాత్రం తెలుసు."

బలికోవా కిటికీ అవతల, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు, లోపలికి చూపు పోకుండా.

"ఫ్రిజ్ పెట్టే ఉంచు ముగోయా!" అని అరిచాడు. "తీయకు. అది లాగుతుండగానే చూడాలి. ఫ్రిజ్ పెట్టే ఉందా?"

లోపల ఏదో కదిలిన చప్పుడు. పుల్ల విరిగినట్టుంది, ముగోయా తిట్టుకున్నాడు.

"ముగోయా! ఫ్రిజ్ పెట్టే ఉందా అంటున్నాను."

"ఆఁ!" అన్నాడు ముగోయా.

అదే ఆ "ఆఁ".

"ఎంతుంది?"

"రెండువందల ముప్ఫై ఎనిమిది."

బలికోవా గోడ నుంచి వీపు తీశాడు. అతని మొహంలోకి వెలుగు వచ్చింది. ఫ్రిజ్ లాగుతుండగా రెండువందల ముప్ఫై ఎనిమిది నిలబడిందంటే స్తంభం నుంచి సాకెట్ దాకా తీగ శుభ్రంగా ఉన్నట్టే. ఇక రోగమంతా ఫ్రిజ్‌దే. సాకెట్‌కి ఉన్నది ఒకే బెజ్జాల వరస, అందులో ప్లగ్గు ఉంటే మీటరు ముక్కులు పెట్టడానికి చోటే ఉండదు. ఆ సాకెట్ బిగించినవాడికి ఆ సంగతి తట్టి ఉండాల్సింది. తట్టలేదు. చెవిలో "ఆఁ" ఉంది.

"విన్నారుగా మావయ్యా," అన్నాడు పనసచెట్టు కిందికి వచ్చి. "రెండువందల నలభైకి రెండు తక్కువ. జింజా డ్యామ్ గేటు దగ్గర కొలిచినా ఇంతకంటే రాదు."

ఇసబిర్యే తల ఊపాడు. అంతలో నైగాగా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అమ్మ మాటని మోసుకొచ్చింది. అత్తా అల్లుళ్ళ మధ్య ఏ మాటైనా ఆవిడ నోటి మీదుగానే రావాలి.

"అమ్మ అంటోంది, ఫ్రిజ్ పెట్టగానే బల్బు నిప్పుకణికలా ఎర్రబడుతోందట. వేసి చూసిందట."

"ఎర్రబడకేం చేస్తుంది? ఫ్రిజ్‌లో మోటారు పట్టేసింది. పట్టేసిన మోటారు ఊరంతా మింగుతుంది."

"ఇంకోటి కూడా చెప్పింది. గోడ జరిపినప్పుడు మేస్త్రీ పైన తీగ తెంపి, మళ్ళీ మెలిపెట్టి చుట్టాడట. వాడికేం వచ్చని అమ్మకి అప్పుడే అనుమానం."

ముగోయా గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "అవును బావగారూ, తెంపాడు. అది నేనూ చూశాను. ఒకవేళ అదేనేమో. మేస్త్రీ తప్పయితే మీమీద పెట్టం లెండి."

ఆ మాట అనడం ముగోయా మంచితనం అని ఊళ్ళో కొందరు ఇప్పటికీ అంటారు. బలికోవాకి ఆ గొంతులో జాలి వినపడింది. ఫ్రిజ్‌లవాడు వైరింగువాడి మీద చూపించే జాలి.

"మీ అమ్మగారికి చెప్పు నైగాగా," అన్నాడు, ముగోయా వైపు చూడకుండా. "మేస్త్రీ తెంపనీ, ఎలుక కొరకనీ, అంకె అంత వచ్చిందంటే తీగ మంచిదే. కావాలంటే ఇంకో రుజువు చూపిస్తాను. మావయ్యా, ఇలా రండి."

పెద్దలు ముగ్గురూ లేచి బయటి గోడ మీద మీటరు పెట్టె దగ్గరికి వచ్చారు. బలికోవా టాంగ్ టెస్టరు తీశాడు, పీత కొండిలా నోరు తెరిచేది.

"ఇది దారిలో కూర్చోదు, తీగని కోయదు. ఊరికే కౌగిలించుకుంటుంది. ముగోయా, ఫ్రిజ్ పెట్టు!"

లోపల మూలుగు మొదలైంది. బలికోవా కొండిలో రెండు తీగలూ కలిపి పట్టాడు. అంకె సున్నా.

"ఏమీ లేదేం?" అన్నాడు ఒక పెద్దాయన.

"వెళ్ళేదీ వచ్చేదీ కలిపి పట్టాను కాబట్టి. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నేర్చుకునే కొత్తలో అందరం ఇలాగే పట్టి, కరెంటే లేదనుకునేవాళ్ళం. ఇప్పుడు చూడండి." ఒక్క తీగని వేరుచేసి పట్టాడు. మూడు ఆంపియర్ల పైన చూపించింది. టక్కుమనగానే సున్నా అయింది. "ఇంత ఫ్రిజ్ బాగా తిరుగుతుంటే ఒకటి కూడా లాగకూడదు. మూడు లాగుతూ తిరగడం లేదంటే ఏమిటి? ఇరుక్కుపోయింది. లోపల మోటారు బిగుసుకుపోయింది. ఓల్టేజి ఆ చేత, కరెంటు ఈ చేత, రెండు సాక్ష్యాలు. ఇంకేం కావాలి?"

ఓల్టేజి చాలకపోయినా మోటారు సరిగ్గా ఇలాగే మూలుగుతుంది, ఇలాగే ఎక్కువ లాగుతుంది. ఆ రెండింటినీ విడదీసేది ఒక్కటే, లోడు మీద ఓల్టేజి. అది చూశాననే బలికోవా అనుకున్నాడు.

ముగోయాకి ఒళ్ళు మండింది. "అయితే నేను మా అమ్మకి చచ్చిన ఫ్రిజ్ తెచ్చానంటారా? పదిమందిలో?"

"నేననడం ఎందుకు, మీటర్లే అంటున్నాయి."

"మీ మాట మీద మీకంత నమ్మకముందా?"

"ఉంది."

"నాకు పెళ్ళిలో ఇచ్చిన పుంజంత బరువైనా ఉందా ఆ మాటకి?"

బలికోవా పనసచెట్టు కిందికి గబగబా వెళ్ళి, తడి గోనె విప్పి, ఒక లువాన్యి మొక్కని పిడికిట్లోకి తీసుకున్నాడు. నైగాగా "వద్దు, వద్దు" అంటూ రెండడుగులు వేసింది.

"స్తంభం నుంచి సాకెట్ దాకా ఆ తీగలో లోపం ఉంటే, ఎవరి చెయ్యి పడి వచ్చినా సరే, ఈ మొక్క నాకోసం నాటొద్దు," అన్నాడు.

హద్దు మొక్క చేతిలో ఉండగా అన్న మాటని ఆ వంశంలో వెనక్కి తీసుకోనివ్వరు. అందుకే పిల్లల్ని ఆ మొక్కలతో ఆడనివ్వరు. ఇసబిర్యే మెల్లగా దగ్గరికి వచ్చి, బలికోవా పిడికిలి విప్పి, మొక్కని తీసి మళ్ళీ గోనెలో పెట్టాడు.

"అనాల్సింది కాదు," అన్నాడు. "అన్నావు. సరే. ఫ్రిజ్ చచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అదెంత పని?" అన్నాడు ముగోయా. "రోడ్డవతల నబిర్యే బారుంది."

ఫ్రిజ్‌ని మళ్ళీ బండెక్కించారు. అందరూ రోడ్డు దాటారు. నబిర్యే లావుపాటి మనిషి, నోరు కూడా లావే. బల్లలు జరుపుతూ, "నాకిచ్చేసి పోతారా? బీరు పెట్టుకుంటా" అంది. ముగోయా ప్లగ్గు పెట్టాడు. చిన్న కుదుపు. ఆ తర్వాత ఫ్రిజ్ ముసలి పిల్లిలా గురగురమంటూ తిరగడం మొదలుపెట్టింది. టక్కుమనలేదు.

బలికోవా దాని వెనక రేకు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. టాంగ్ టెస్టరు తీయనక్కర్లేదు. చేతికి తెలుస్తూనే ఉంది, సాఫీగా తిరుగుతోంది.

"చచ్చినా బాగానే తిరుగుతోంది బావగారూ," అన్నాడు ముగోయా.



బలికోవా నేరుగా తన షెడ్డుకి వెళ్ళాడు. కాయిల్ పొయ్యినీ ముళ్ళ మీటరునీ తీసి, రెండూ చంకన పెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మసయింది. ఈసారి ముగోయా చెయ్యి చాపినా ఇవ్వలేదు. నైగాగాకిచ్చాడు.

"కుండ దించేశావా?"

"దించేశాను."

"ముందు ఖాళీ సాకెట్ చూడు. తర్వాత పొయ్యి తగిలించి, వెనక బోల్టుల మీద చూడు. రెండూ గట్టిగా చదువు. ఏది ఉంటే అదే చదువు."

నైగాగా అతని కళ్ళలోకి ఒకసారి చూసింది. రోడ్డు పక్క షెడ్డు ఆవిడ అన్నం కూడా. లోపలికి వెళ్ళింది. బలికోవా మళ్ళీ గోడకి వీపు ఆనించాడు. పెద్దలు ఈసారి కుర్చీనీ చాపనీ కిటికీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఖాళీది... రెండువందల ముప్ఫై ఎనిమిది. ముల్లు ఒక వెంట్రుక తక్కువ చూపిస్తోంది."

"పొయ్యి పెట్టు."

లోపల ప్లగ్గు దిగిన చప్పుడు. లోపలి గదిలోంచి ముసలావిడ దగ్గు వినపడింది.

"నైగాగా."

"పెట్టాను."

"చదవమన్నానా?"

"నూట ముప్ఫై," అంది నైగాగా. "నూట ముప్ఫై కూడా లేదు. పడుతోంది ఇంకా. కాయిల్ ఎర్రబడలేదు. పైన ఏదో మాడుతున్న వాసన వస్తోంది."

"తీసెయ్! ప్లగ్గు తీసెయ్!"

మెయిన్ కట్టేసి, ఫ్రిజ్ మోసిన మనుషుల్లో ఒకణ్ణి అటకెక్కించారు. జరిపిన గోడ పైన, ఎండుటాకుల మధ్య, మేస్త్రీ తెగిన తీగ కొసల్ని పురికొస పేనినట్టు వదులుగా పేని, సిమెంటు సంచీ ముక్క చుట్టి వదిలేశాడు. సంచీ ముక్క నల్లగా బొగ్గయింది. ఆ మనిషి దాన్ని కిందికి విసిరాడు. ఇసబిర్యే కాళ్ళ దగ్గర పడింది.

"ఇది నా చేతి జాయింటు కాదు," అన్నాడు బలికోవా. "నేను ఇల్లంతా ఒక్క జాయింటు కూడా అటక మీద పెట్టలేదు. ముగోయా పెట్టిన మేస్త్రీ చేశాడు. ముగోయా ఒప్పుకున్నాడు కూడా."

"ఒప్పుకున్నాను," అన్నాడు ముగోయా. "మీరే వద్దన్నారు."

"ఫ్రిజ్ పెట్టే ఉందా అని రెండుసార్లు అడిగాను! ఆఁ అన్నావు!"

"ఒకటే సాకెట్. ప్లగ్గు తీయకుండా ఆ పుల్లలు ఎక్కడ గుచ్చను, నా ముక్కులోనా? మీరు బయట నుంచి అరుస్తున్నారు, పుల్ల విరిగింది, ఏదో అన్నాను. ఆ ఒక్క మాట మీద భూమి పెడతారని నాకేం తెలుసు?"

"అబద్ధమాడావు."

"అబద్ధమాడితే నాకేంటి? మేస్త్రీ సంగతి నేనే చెప్పాను కదా!"

దానికి బలికోవా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు. అందుకే ఆ ముక్క వదిలేసి, "ఆఁ" దగ్గరే కథ ఆపుతాడు.

ఇసబిర్యే బొగ్గయిన జాయింటుని చెప్పుతో పక్కకి నెట్టాడు. "అల్లుడూ, నేను నిన్ను జాయింటు ఎవరిదని అడగలేదు. వాళ్ళు అడిగారు, నువ్వే వద్దన్నావు. ఎవరి చెయ్యి పడినా అన్నావు. మొక్క పట్టుకుని అన్నావు."

"మావయ్యా, స్తంభాలు నావి. తీగ నాది. ఆ మొత్తం వైరింగు—"

"తెలుసు. వాటికి వంశం నీకు బాకీ. ఎలా తీర్చాలో తర్వాత మాట్లాడదాం. మొక్కలు మాత్రం నీకోసం నాటలేను. నాటితే రేపు ఏ హద్దు నిలబడుతుంది?"

ఆ తర్వాత మాట్లాడలేదు. చేయాలంటే ఎప్పుడైనా చేయొచ్చు అనుకునే పనులు అలాగే ఉండిపోతాయి. పైగా ఇసబిర్యే మరుసటి ఏడే పోయాడు.

నైగాగా ఆ మధ్యాహ్నమే అమ్మ మాట ఒకటి మోసుకొచ్చింది. "నేను ముందే చెప్పానని చెప్పు అల్లుడికి. బాధపడొద్దని కూడా చెప్పు." మొదటిదొక్కటే చెప్పి రెండోది చెప్పకపోయినా బాగుండేది.

బలికోవా అటక మీద ఆ జాయింటు సరిచేసే మనిషిని తనే పంపాడు. కిటికీ అవతల నిలబడి ఎలా కోయాలో, ఎక్కడ కనెక్టరు బిగించాలో, ఎంత బిగించాలో అరుస్తూ చెప్పాడు. తర్వాత కాయిల్ పొయ్యి పెట్టించి చదివించాడు. రెండువందల ముప్ఫై నాలుగు. నాంగోబమ్మగారి ఇంట్లో ఇప్పటికీ అదే తీగ. ఫ్రిజ్ కూడా అదే.

ముగోయా మాట నిలబెట్టుకునే రకం. కొడుకుగా ఆ భూమి తనదని తేలాక బావని తరిమేయలేదు, వానలు తగ్గేదాకా ఉండమన్నాడు. తగ్గాక బలికోవా రేకులు విప్పుకుని మార్కెట్ వెనక, మురుగుకాలవ పక్కకి మారాడు. అక్కడికి మోటారు తేవాలంటే మోసుకుని రావాలి, బండి రాదు. పిండి మరలవాళ్ళు సగం మంది రావడం మానేశారు. వచ్చినవాళ్ళకి బలికోవా మొదట అంకెల మీటరు చూపిస్తాడు, తర్వాత కాయిల్ పొయ్యి చూపిస్తాడు, ఆ తర్వాత ముగోయా సంగతి చెప్తాడు.

రోడ్డు పక్క ముక్కలో ముగోయా ఫ్రిజ్‌ల షాపు పెట్టాడు. వైరింగుకి ఇగంగా నుంచి వేరే మనిషిని తెప్పించుకున్నాడు. లువాన్యి మొక్కలు అతని హద్దుల్లోనే, నాలుగు మూలలా, ఇప్పుడు మనిషెత్తు ఎదిగాయి. బలికోవా అటు వెళ్ళినప్పుడల్లా మూల నుంచి మూలకి అడుగులు వేసి కొలుస్తాడు, అవేమైనా జరిగాయేమోనన్నట్టు. జరగలేదు. రోడ్డు వెంట యాభై అడుగులు, లోపలికి వంద అడుగులు. పదకొండున్నర సెంట్లకి ఒక చాప పరిచేంత తక్కువ.